ఏడు గంటల రికార్డింగ్

చిత్ర సర్టిఫికెట్ అడిగినప్పుడు రాఘవన్ వడ తింటున్నాడు. మిగిలిన ముక్క తిని, కాగితానికి వేళ్ళు తుడుచుకుని, దాన్ని నాలుగు మడతలు పెట్టి బుట్టలో వేశాక గానీ మాట్లాడలేదు.

"నువ్వు మన ఇంటి మనిషివి. ఇంటి మనిషికి ఎవరన్నా సర్టిఫికెట్ ఇస్తారా మా?"

రాజపాళయంలో ఆ తమిళ కేబుల్ ఛానల్ అతనిది. చిత్ర అందులో తొమ్మిదేళ్ళుగా రాత్రి ఏడు గంటల వార్తలు చదువుతోంది. ఆ తొమ్మిదేళ్ళలో రాఘవన్ గదిలో ఆమె కూర్చోలేదు. ఇప్పుడూ నిలబడే ఉంది.

"మదురైలో రేడియోకు అనౌన్సర్ కావాలంట సార్. ఇన్నేండ్లు వార్తలు చదివినానని రాసి, ఒక సంతకం పెడితే చాలు."

"సంతకం పెడితే నువ్వు స్టాఫ్ అయితావు. ఇక్కడ స్టాఫ్ ఎవరు ఉండారు? వైరు లాగే కరుప్పసామి ఒక్కడే. నువ్వు, ముత్తుమారి, మీరంతా ఛానల్ మీద అభిమానంతో వచ్చేవాళ్ళు."

అద్దం అవతల ముత్తుమారి కంప్యూటర్ ముందు ఉంది. తెర అడుగున పరిగెత్తే వరసలు, పేర్లు, వివాహ ప్రకటనలు టైప్ చేసేది ఆమే. తళవాయిపురం నుంచి బస్సులో వస్తుంది. ఆమె వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. మళ్ళీ కదిలాయి.

"అయితే ఒక రోజు వార్తల రికార్డింగ్ ఇవ్వండి సార్. సర్టిఫికెట్ లేకుంటే అది పంపినా తీసుకుంటారంట."

"వార్తలు నేరుగా పోతాయి మా. ఎవరు దాచిపెట్టేది? పొద్దున లేస్తే ఎవరికి కావాలి అది?" రాఘవన్ ఫోన్ తీసుకున్నాడు. మాట అయిపోయిందని అర్థం.

అది గురువారం. దరఖాస్తుకు చివరి తేదీ వచ్చే వారం శుక్రవారం. ఫారం చిత్ర సంచిలో ఉంది. సర్టిఫికెట్ గానీ, చదివిన మనిషి పేరూ తేదీ తెరమీద కనిపించే ఒక పూర్తి బులెటిన్ గానీ జతచేయాలని అందులో ఉంది. శబ్దం శుభ్రంగా ఉండాలని కింద గీత గీసి ఉంది.

ఆ సాయంత్రం ఆమె వార్తలు చదువుతుండగా ఇంట్లో తండ్రి పాండురంగన్ టీవీ ముందు నిలబడి ఫోన్‌తో వీడియో తీశాడు. ఆమె వచ్చాక ఇద్దరూ చూశారు. తెరమీద నల్లటి పట్టీలు పైనుంచి కిందికి జారుతున్నాయి. పక్కింటి కుక్కర్ నాలుగు కూతలు కూసింది. పద్నాలుగో వార్డుకు నీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పే చోట పాండురంగన్ దగ్గాడు.

"దగ్గు ఆపుకునేదానికి చూసినాను," అన్నాడు. "ఆపుకుంటే ఇంకా పెద్దగా వచ్చింది."

చిత్ర ఆ వీడియోను రెండోసారి చూడలేదు. ఒక కాగితం తీసింది. "నాయనా, మహేంద్రన్ అంగడి రేపు ఎన్ని గంటలకు తెరుస్తాడు?"

*

మహేంద్రన్ అంగడి పాత బస్టాండు దగ్గర, ఒక మేడమెట్ల కింద. సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే కంపెనీలకు బిల్లింగ్ కంప్యూటర్లు అమర్చి ఇస్తాడు, పాతవి వెనక్కి తీసుకుంటాడు. వరసకు పాండురంగన్‌కు మేనల్లుడు.

"రికార్డింగ్ చేసే సెట్‌టాప్ బాక్సే దొరుకుతుంది వదినే. పెన్‌డ్రైవ్ గుచ్చితే అయిపోయింది. కంప్యూటర్ ఎందుకు?"

"ఆ పెన్‌డ్రైవ్ తీసి వేరే చోట పెడితే ఆడుతుందా?"

"ఆడదు. ఏ బాక్స్‌లో పట్టినామో ఆ బాక్స్‌లోనే ఆడుతుంది."

"అయితే మదురైకి బాక్స్ నెత్తిన పెట్టుకొని పోవాలి."

మహేంద్రన్ నవ్వి, స్టూలు ఆమె వైపు తోశాడు. చిత్ర కూర్చుని కాగితం విప్పింది. వెంట వచ్చిన పాండురంగన్ పక్కన నిలబడ్డాడు. మాటలు తెలుగు, అక్షరాలు తమిళం. ఆ ఊళ్ళో తెలుగిళ్ళలో చీటీ అలాగే రాస్తారు.

మొదట బాక్స్ నుంచి బొమ్మనూ శబ్దాన్నీ కంప్యూటర్‌లోకి తీసుకునే భాగం. క్యాప్చర్ కార్డ్. మహేంద్రన్ రెండు రకాలు చూపాడు. ఒకటి బొటనవేలంత, యూఎస్‌బీలో గుచ్చేది. రెండోది పచ్చటి పలక, లోపల మదర్‌బోర్డ్ మీద నిలబెట్టేది. చిన్నదానితో తాను పట్టిన ఒక పట్టిమండ్రం, టీవీలో వచ్చే వాదోపవాదాల కార్యక్రమం, పెట్టి చూపాడు.

చిత్ర ఇరవై నిమిషాలు చూసింది. మధ్యలో ఇద్దరు వచ్చి ఇంకు కొనుక్కుని పోయారు.

"ఇది వద్దు."

"ఏం వదినే? బొమ్మ బాగుండాది కదా."

"మొదట్లో సరిగా ఉండింది. ఇప్పుడు చూడు. ఆయన పెదవి మూసినాక మాట వస్తా ఉండాది."

మహేంద్రన్ తెరకు దగ్గరగా వంగాడు. "నాకేం తెలియలేదే."

"నువ్వు వినేవాడివి. నేను చదివేదాన్ని."

పలకే తీసుకున్నారు. దానికి తగిన మదర్‌బోర్డ్ ఒక బ్యాండేజీ కంపెనీ ఆఫీసు నుంచి వచ్చిన పాత డబ్బాలో ఉంది. మహేంద్రన్ మూత తీశాడు. ఫ్యాన్ రెక్కల మధ్య దూది కుక్కి ఉంది. పాండురంగన్ ముప్పై ఒక్కేళ్ళు స్పిన్నింగ్ మిల్లులో ఫిట్టర్. అతను జేబులోంచి పాత టూత్‌బ్రష్ తీసి, అడగకుండానే తుడవడం మొదలుపెట్టాడు.

"బ్రష్ జేబులో పెట్టుకొని తిరుగుతావా మామా?"

"నువ్వు ఫోన్ పెట్టుకొని తిరగడం లే?"

ప్రాసెసర్ ఆ బోర్డులో ఉన్నదే చాలని చిత్ర అంది. నాలుగు జీబీ మెమరీ పలకలు రెండు. సిస్టమ్‌కు ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ. రికార్డింగ్ దాచడానికి వేరే హార్డ్‌డిస్క్, సీసీటీవీల్లో వాడేది. రోజంతా రాస్తూ ఉన్నా వేడెక్కదని మహేంద్రన్ చెప్పాడు. గ్రాఫిక్స్ కార్డ్ కూడా వేస్తే ఆటలు ఆడుకోవచ్చన్నాడు.

"ఎవరు ఆడేది?" అంది చిత్ర.

"మామ ఆడతాడు."

"నేను ఆడినదంతా మిల్లులోనే ఆడేసినాను," అన్నాడు పాండురంగన్. పవర్ సప్లై డబ్బాలు రెండు చేతుల్లో రెండు పట్టుకుని తూస్తున్నాడు. కుడిచేతిలోది కింద పెట్టేశాడు. "ఇది తేలిక. లోపల రాగి లేదు. ఆ రెండోది ఇవ్వు."

చివర్న చీటీలో ఒకటి మిగిలింది. ఉన్న డబ్బుకు కొత్త క్యాబినెట్ తీసుకుంటే యూపీఎస్ మానుకోవాలి. మహేంద్రన్ అద్దం తలుపు, రంగుల లైట్లు ఉన్న క్యాబినెట్ ఒకటి దించి, ప్లగ్ పెట్టి చూపాడు. ఎరుపు పోయి నీలం వచ్చింది.

"కరెంట్ ఆఫీసు వాళ్ళ ప్రకటన వారానికి రెండు సార్లు చదువుతాను," అంది చిత్ర. "చెప్పి తీసేది పగలు. చెప్పకుండా తీసేది సాయంత్రం. యూపీఎస్ ఇవ్వు."

క్యాబినెట్ బ్యాండేజీ కంపెనీదే తీసుకున్నారు. పక్కన ఆ కంపెనీ స్టిక్కరు సగం చిరిగి ఉంది.

*

శనివారం పొద్దున్నే వంటింటి గట్టు పక్కన బల్ల వేసి అన్నీ దానిమీద పరిచారు. ఒక్కో భాగం ముట్టుకునే ముందు పాండురంగన్ కుళాయి గొట్టాన్ని తాకాడు. ఒంట్లోని కరెంటు దిగిపోవాలని మహేంద్రన్ అంగడిలోనే చెప్పి పంపాడు. పాండురంగన్ ప్రాసెసర్ మీద గోధుమగింజంత పేస్టు పెట్టాడు. చిత్ర ఫోన్‌లో చూసి వరస చెబుతుంటే అతను మరలు తిప్పాడు. ఏ మరా మొదటిసారే పూర్తిగా బిగించలేదు. నాలుగు మూలలూ సగం సగం తిప్పి, తర్వాత ఎదురెదురుగా బిగించాడు.

"మిల్లులో ఇట్లా బిగించకుంటే?" అంది చిత్ర.

"చక్రం ఏడుస్తుంది."

స్విచ్ నొక్కితే ఫ్యాన్ తిరిగింది, తెర వెలగలేదు. మెమరీ పలకలు తీసి మళ్ళీ నొక్కాడు. ఈసారి రెండు వైపులా టక్కుమని శబ్దం వచ్చింది. తెర వెలిగింది.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేళ పెట్టింది చిత్ర. ప్రతి రోజూ ఆరు యాభై అయిదుకు మొదలు, ఏడున్నరకు ఆపు. ఆదివారం వార్తలు లేవు గానీ దాన్ని విడిగా తీసేయడం ఎలాగో తెలియక అలాగే వదిలేసింది.

ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చి చూస్తే ముప్పై అయిదు నిమిషాల నల్లటి తెర ఉంది. మహేంద్రన్‌కు ఫోన్ చేసింది.

"హెచ్‌డీఎంఐ వైరు వేసినారా? అందులో తాళం ఉంటుంది వదినే. కాపీ కొట్టకుండా. బాక్స్ వెనక పసుపు, ఎరుపు, తెలుపు రంధ్రాలు ఉండాయి చూడు, అవి వేయండి. బొమ్మ కొంచెం తగ్గుతుంది."

"మాట తగ్గుతుందా?"

"మాట తగ్గదు."

సోమవారం రికార్డింగ్ వచ్చింది. ఇద్దరూ నేలమీద కూర్చుని చూశారు. తొమ్మిదేళ్ళలో చిత్ర తన వార్తలు మొదటినుంచి చివరిదాకా చూడడం అదే మొదలు. ప్రతి వార్తకూ ముందు తాను ఎడమ భుజం మీద చీర మడత తాకుతానని ఆమెకు తెలియదు. వార్డుల నీళ్ళ వరస చదివేటప్పుడు గొంతు కొంచెం నిదానమవుతుందని కూడా తెలియదు. పెదవీ మాటా ఒక్కటిగా కదిలాయి. కుడివైపు పైన తేదీ, గడియారం. పట్టీలు లేవు, కుక్కర్ లేదు.

"ఇది పంపితే చాలు కదా," అంది.

పాండురంగన్ మౌస్ అందుకున్నాడు. వెనక్కి తిప్పి, బొమ్మను ఆపాడు. ఆమె మెడ కింద నీలంపట్టీ మీద తెల్లటి తమిళ అక్షరాలు.

"కయల్‌విళి అని ఉండాదే మా."

చిత్ర ఆ అక్షరాలనే చూస్తూ ఉండిపోయింది. కూరగాయల అంగడిలో కయల్ అని పిలుస్తారు. బ్యాంకులో టోకెన్ ఇచ్చే అతను అలాగే పిలుస్తాడు. చేరిన రోజు రాఘవన్ చెప్పాడు, వార్తలకు అచ్చ తమిళ పేరు ఉండాలి, మన ఛానల్‌లో వార్తలు చదివేది ఎప్పుడూ కయల్‌విళి అని. ఆమెకు ముందు ఇద్దరు ఆ పేరుతోనే చదివారు. ఫారం నింపేటప్పుడు కూడా ఈ సంగతి ఆమెకు తట్టలేదు. ఫారంలో పేరు దగ్గర పి. చిత్ర అని రాసింది.

"ఇది నువ్వని ఇక్కడ ఊరికంతా తెలుసు," అన్నాడు పాండురంగన్. "మదురై వాళ్ళకు ఎట్లా తెలుస్తుంది?"

*

మంగళవారం రాఘవన్ ఆమెను చివరిదాకా చెప్పనిచ్చాడు.

"ఒక్క రోజు, సార్. కింద నా పేరు వేస్తే చాలు. బుధవారం మళ్ళీ కయల్‌విళి వేసుకోండి."

"కయల్‌విళి అనేది ఛానల్ పేరు మా. నీది కాదు, నాది కాదు. మన ఛానల్ లోగో ఉండాది చూడు, అట్లా. నీకు ముందు ఉండింది, నీ తర్వాతా ఉంటుంది." అతను గొంతు పెంచలేదు. "నువ్వు పోతే ఇంకొకరు వచ్చి అదే కుర్చీలో కూర్చుంటారు. జనానికి ఏ వార్డుకు నీళ్ళు వస్తాయో తెలిస్తే చాలు. ఎవరు చెప్పినారు అని ఎవరు అడుగుతారు?"

"నేను అడుగుతా ఉండాను సార్."

"అడుగు. అడిగేదానికి ఏం అడ్డం?"

బయటికి వచ్చాక ముత్తుమారి తన టిఫిన్ డబ్బా మూత ఇటు తిప్పి పెట్టింది. అరిసెల్లాంటి అధిరసాలు రెండు ఉన్నాయి. చిత్ర ఒకటి తీసుకుంది.

"ఆ పేరు పట్టీ వేసేది నువ్వే కదా," అంది.

"పట్టీ నేను వేయనక్కా. అది అందులోనే ఉండాది. బటన్ నొక్కేది మాత్రం నేను." ముత్తుమారి తలుపు వైపు చూసింది. "మొదట ఒకసారి, ముగింపుకు ఒకసారి. ఎనిమిదేండ్లుగా రెండుసార్లే నొక్కతా ఉండాను."

చిత్ర ఇంకేమీ అడగలేదు. ముత్తుమారి కొడుకు ఆరో తరగతి. ఫీజు కోసం ఆమె ఆదివారాలు మంసాపురంలో ఒక పెళ్ళి మండపం లెక్కలు టైప్ చేస్తుంది.

ఆ సాయంత్రం వార్తల మధ్యలో వాళ్ళ వీధికి రెండు నిమిషాలు కరెంటు పోయింది. యూపీఎస్ పట్టుకుంది. కంప్యూటర్ ఆగలేదు. కానీ సెట్‌టాప్ బాక్స్ ఆగింది. కరెంటు వచ్చాక ఆ బాక్స్ ఎప్పుడూ మొదటి ఛానల్‌తోనే తెరుచుకుంటుంది. చిత్ర వచ్చి చూస్తే ఆరు నిమిషాల వార్తలు, తర్వాత నీలిరంగు తెర, ఆ తర్వాత నడుం నొప్పి తైలం గురించి ఒకాయన.

పాండురంగన్ తల వంచుకున్నాడు. "మెదడుకు బ్యాటరీ ఇచ్చినాము, కంటికి ఇవ్వలే." లేచి వెళ్ళి, బాక్స్ వైరు గోడలోంచి పీకి, యూపీఎస్ వెనక గుచ్చాడు. టీవీది మాత్రం గోడలోనే వదిలేశాడు. "టీవీ ఆరినా పరవాలేదు. అది చూసేదానికే కదా."

బుధవారం చిత్ర మామూలుగా చదివింది. రికార్డింగ్ మొత్తం వచ్చింది. పేరు కయల్‌విళి. ఆ రాత్రి భోజనాల దగ్గర పాండురంగన్, "ఏం చేస్తావు?" అని అడిగాడు.

"రేపు చదువుతాను."

"అది రోజూ చదివేదే."

"రేపు సరిగా చదువుతాను."

అతను గిన్నెలో మజ్జిగ పోసుకున్నాడు. "నేను టీవీ దగ్గరే ఉంటాను," అన్నాడు. "ఏమీ ముట్టుకోను."

*

గురువారం ఆరు నలభైకి చిత్ర స్టూడియోలో కూర్చుంది. స్టూడియో అంటే ఒక గది, వెనక ఊరి కొండ ఫొటో, ఎదురుగా కెమెరా. ఆమె ముందు టీవీ ఉండదు. జనానికి ఏం కనిపిస్తుందో ఆమెకు కనిపించదు. అద్దం అవతల ముత్తుమారి తల పైభాగం, మానిటర్ వెనక, అంతే.

ఏడు గంటలకు ఎర్ర దీపం వెలిగింది. చేతి కాగితాల్లో పదకొండు వార్తలు. స్పిన్నింగ్ మిల్లు కార్మికుల సమావేశం. మామిడి తోటల్లో ఏనుగులు. రైలు గేటు దగ్గర పైపు మరమ్మతు. నీళ్ళ వరస ఎప్పుడూ చివరిదే. అది విననిదే జనం ఛానల్ మార్చరు. పద్నాలుగు, పదిహేను, ఇరవై రెండు వార్డులు పొద్దున అయిదు నుంచి ఏడు వరకు. మిగిలినవి శనివారం.

కాగితం అక్కడితో అయిపోయింది. మామూలుగా, ఇంతటితో వార్తలు ముగిశాయి, వణక్కం, అని చెప్పి కాగితాలు బల్లమీద తట్టి సర్దుతుంది. ఆమె కాగితాలు తట్టలేదు. చేతులు రెండూ వాటిమీద పెట్టింది. చీర మడత తాకబోయి ఆగింది.

"ఇంతటితో వార్తలు ముగిశాయి," అని తమిళంలో చెప్పింది. "ఇవాళ మీకు వార్తలు చదివినది పి. చిత్ర. తొమ్మిదేళ్ళుగా ఈ వార్తలు చదువుతున్నది పి. చిత్ర. వణక్కం."

నీళ్ళ వరస చదివిన గొంతుతోనే చెప్పింది. తర్వాత కెమెరా వైపు చూస్తూ కూర్చుంది. ముగింపు సంగీతం ఆలస్యంగా మొదలైనట్టు ఆమెకు అనిపించింది. ఎర్ర దీపం ఆరింది.

రాఘవన్ తన గది తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. లోపల అతని టేబుల్ మీద ఫోన్ మోగుతోంది. స్పీకర్‌లో విన్నాడు, తెర చూడలేదు.

"ఏం మా ఇది?"

"పేరు సార్."

"రేపటి నుంచి రావద్దు."

"రమ్మనేదానికి, వద్దనేదానికి నేను స్టాఫ్ కాదు కదా సార్. అభిమానంతో వచ్చేదాన్ని." చిత్ర సంచి భుజాన వేసుకుంది. "రేపటికి అది లేదు."

టేబుల్ మీద ఫోన్ ఆగి మళ్ళీ మోగింది. రాఘవన్ లోపలికి పోయాడు. చిత్ర చెప్పులు వేసుకుంటూ అద్దం వైపు చూసింది. ముత్తుమారి తల ఎత్తలేదు. చీరల అంగడి ప్రకటన ఎక్కిస్తోంది.

*

ఇంట్లో పాండురంగన్ కుర్చీలో రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని ఉన్నాడు. రిమోట్ టీవీ మీదే ఉంది.

"నాయనా, వచ్చిందా?"

"చూడు," అన్నాడు.

ఆమె ఫైలు తెరిచింది. మొదట్లో నీలంపట్టీ, కయల్‌విళి. ఆమె దాన్ని దాటించి చివరికి తీసుకెళ్ళింది. నీళ్ళ వరస. చేతులు కాగితాల మీద. ముగింపుకు మామూలుగా వచ్చే పట్టీ ఇంకా రాలేదు. వార్తలు చదివినది పి. చిత్ర, అని తన గొంతు చెప్పింది. తొమ్మిదేళ్ళుగా, అని చెబుతుండగా నీలంపట్టీ వచ్చింది. అది ఖాళీగా ఉంది. మొదట ఒక అక్షరం పడింది. తర్వాత ఇంకొకటి. అవి ఒక్కొక్కటిగా, ఎవరో అప్పటికప్పుడు టైప్ చేస్తున్నట్టు, పడ్డాయి.

పి. చిత్ర.

కుడివైపు పైన గడియారం. ఏడు పందొమ్మిది, గురువారం తేదీ. కెమెరా వైపు చూస్తూ తాను కూర్చుని ఉంది, సంగీతం లేదు, పేరు ఉంది. చిత్ర వెనక్కి తిప్పి లెక్కపెట్టింది. పదకొండు సెకన్లు. అప్పుడు సంగీతం వచ్చింది.

"ఆ పిల్లేనా?" అన్నాడు పాండురంగన్.

చిత్ర ఫోన్ తీసింది. అవతల బస్సు శబ్దం, ఎవరో టికెట్ అడుగుతున్నారు.

"అక్కా," అంది ముత్తుమారి. "తొందరలో టైప్ కొట్టినాను. పి పక్కన చుక్క పడిందా?"

చిత్ర బొమ్మను ఆపి చూసింది. "పడింది."

"సరి."

"సార్ ఏమన్నారు?"

"చూసినవాళ్ళు ఫోన్ చేసి చెప్పినారు. అరిచినారు. అరిచి, నన్ను పంపేస్తే బటన్ నొక్కేదానికి మనిషి లేదని జ్ఞాపకం వచ్చింది." బస్సు గేరు మారింది. "రేపు చదివేదానికి కూడా మనిషి లేదు. ఏడు గంటలకు నన్నే కూర్చోమన్నారు. బటన్ కరుప్పసామి నొక్కతాడంట."

"ఏ పేరుతో చదవమన్నారు?"

అవతల కండక్టర్ ఏదో ఊరి పేరు అరిచాడు. ఎవరో దిగారు.

"అక్కా, నీ పని అయిపోయింది కదా. ఆ కంప్యూటర్‌ను రేపు ఆపేస్తావా?"

తెరమీద వేళల పట్టిక తెరిచే ఉంది. ప్రతి రోజూ. చిత్ర గురువారం ఫైలును పొద్దున్నే మదురైకి తీసుకెళ్ళవలసిన పెన్‌డ్రైవ్‌లోకి లాగి వదిలింది. పచ్చటి గీత నిదానంగా నిండుతోంది. పట్టికను మూసింది. దేన్నీ మార్చలేదు.

"ఆపను," అంది. "ఏడుకు అయిదు నిమిషాల ముందే మొదలవుతుంది."